గోధుమ, దాని పిల్లలు – డైరీ పుటలు

కాకినాడ, 8 జూలై 2024, సోమవారం

పొద్దున్నే వంటింటి త్రాసు మీద మా పిల్లి గోధుమ పిల్లలు ముగ్గుర్నీ తూచాను. నల్లోడు 410 గ్రాములు, తోకమచ్చ 390, చారలది 305. మూడున్నర వారాల పిల్లలకి మొదటి రెండు తూకాలూ బాగానే ఉన్నాయి. చారలదాన్ని చూస్తేనే బెంగగా ఉంది. పొట్ట బిగిసి గుండ్రంగా ఉంది, వెన్ను మీద వేలు పెడితే ఎముక ఎముకా తగులుతోంది. బొచ్చులో నిగారింపు లేదు. పక్కింటావిడ చూసి "ఎంత బొద్దుగా ఉందో" అని మురిసిపోయింది. అది పాలు నిండిన పొట్ట కాదు, పురుగుల పొట్ట.

పశువుల డాక్టరు గారు చెప్పినట్టే ఇవాళ మొదటి మోతాదు వేశాను. పైరాంటెల్ సిరప్, బరువు లెక్కన, సూది తీసేసిన చిన్న సిరంజితో బుగ్గ పక్క నుంచి చుక్క చుక్కగా. గోధుమకి కూడా ఇవాళే మాత్ర. తల్లిని వదిలేసి పిల్లలకి మందు వేస్తే ప్రయోజనం లేదు.

గడప దాటని పిల్లలకి పురుగులెలా వచ్చాయని అల్లుడు ఫోన్లో అడిగాడు. తల్లి పాలలోంచి. టాక్సోకారా కాటి అని పిల్లుల ఏలికపాము. గోధుమ ఎప్పుడో ఎక్కడో మింగిన గుడ్లలోంచి వచ్చిన పిల్లపురుగులు కొన్ని దాని కండల్లోకి చేరి కదలకుండా పడి ఉంటాయి. ఈని, పాలు పడగానే అవీ కదులుతాయి. చన్నుల్లోకి చేరి పాలతో పాటు పిల్లల కడుపులోకి దిగుతాయి. కుక్కల ఏలికపామైతే తల్లి కడుపులో ఉండగానే పిల్లల్ని పట్టుకుంటుంది. పిల్లుల్లో దానికి ఉన్న దారి పాలదే. అందుకే మూడు వారాలకే మందు మొదలుపెట్టాలి. పిల్లలు పెద్దయ్యాక చూద్దాంలే అనుకునేవాళ్ళ ఇళ్ళలో నీరసించి పోయే పిల్లలు ఎక్కువగా ఈ వయసువే.

11 జూలై, గురువారం

చారలది నాలుగు పురుగుల్ని పడేసింది. మీగడ రంగు, రెండు కొసలా సన్నం, వేలి పొడుగు, చుట్ట చుట్టుకుని. అంత చిన్న పేగులో ఇవి ఎలా ఇమిడాయో. సాయంత్రానికి పొట్ట కాస్త వదులైంది, పాలకి ముందుకి తోసుకొచ్చింది.

ఒక్క మోతాదుతో ఇది తీరదు. ఈ మందు పేగులో ఉన్న పెద్ద పురుగుల్నే పడగొడుతుంది. ఇంకా ఒంట్లో ప్రయాణంలో ఉన్న పిల్లపురుగుల్ని తాకలేదు. అవి పేగు చేరి పెద్దవయ్యేసరికి మళ్ళీ మందు ఎదురవ్వాలి, అదీ అవి గుడ్లు పెట్టకముందే. కనుక రెండు వారాలకొకసారి, పాలు మానేదాకా. ఆ తర్వాత నెలకొకసారి, ఆరు నెలలు నిండేదాకా. గోడ మీది క్యాలెండర్లో తిథుల పక్కనే ఎర్ర సిరాతో గుర్తులు పెట్టాను.

14 జూలై, ఆదివారం

మైక్రోస్కోపు దింపాను. కాలేజీలో పాఠాలు చెప్పే రోజుల్లో జువాలజీ ప్రాక్టికల్స్‌లో విద్యార్థులకి గాజు పలకల మీద రంగులద్దిన గుడ్లనే చూపించాం ఎప్పుడూ. సొంత ఇంటి పిల్లివి చూడడం వేరు.

ఉప్పు ఇక కరగదనేంత చిక్కగా ఉప్పునీళ్ళు కాచి చల్లార్చాను. గోధుమ పొద్దుటి మలం సెనగగింజంత తీసుకుని అందులో కలిపి, టీ వడకట్టేదానితో (ఇక అది వంటింట్లోకి వెళ్ళదు) వడకట్టి, చిన్న సీసాలో మూతి దాకా నింపి పైన కవర్‌స్లిప్ పెట్టాను. గుడ్లు ఉప్పునీటి కన్నా తేలిక, పైకి తేలి గాజుకి అంటుకుంటాయి. ఇరవై నిమిషాలకి తీసి పలక మీద బోర్లించాను.

ఏలికపాము గుడ్డుని పోల్చుకోవడం సులువు. గోధుమరంగు, మందమైన పెంకు, పెంకంతా గుంటలు. పక్కనే వేరేవి కనబడ్డాయి. పల్చటి పెంకు, కోలగా, లోపల నాలుగైదు కణాలు. కొంకిపురుగు. మందు వేసి వారం తిరక్కముందే చూశాను కనుక ముందు నుంచీ ఉన్నవాటి గుడ్లు ఇంకా వస్తుండవచ్చు. అయినా కొంకిపురుగుని తేలిగ్గా తీసుకోలేను. అది పేగు గోడని కరచి రక్తం తాగుతుంది. పిల్లల చిగుళ్ళు తెల్లబడినా, మలం తారులా నల్లగా వచ్చినా మర్నాటిదాకా ఆగకూడదు. ఇవాళ నలుగురి చిగుళ్ళూ చూశాను, గులాబి రంగులోనే ఉన్నాయి.

ఇంకో సంగతి పెరటి గురించి. కొంకిపురుగు గుడ్డు తడి మట్టిలో కొద్ది రోజుల్లోనే పొదిగి, పిల్లపురుగై, చర్మం గుండానే లోపలికి దూరుతుంది. పిల్లికే కాదు, ఉత్త కాళ్ళతో తిరిగే మనిషికీ. మనిషిలో దారి తెలియక చర్మం కిందే తిరుగుతుంది, పాదం మీద ఎర్రటి వంకర గీతలు, నిద్రపట్టనివ్వని దురద. ఈ వానల్లో మా పెరడు దానికి అనువైన చోటు. కరివేపాకు చెట్టు మొదట్లో గోధుమ గోకే చోటుని రోజూ పారతో ఎత్తేస్తున్నాను. పనిమనిషికి చెప్పులేసుకునే పెరట్లోకి వెళ్ళమని చెప్పాను.

22 జూలై, సోమవారం

రెండో మోతాదు. నల్లోడు 590, తోకమచ్చ 560, చారలది 470. చారలది అందుకుంటోంది.

25 జూలై, గురువారం

పేలు. నిన్న రాత్రి తోకమచ్చ మెడ మీద చెయ్యి వేస్తే వేలి కింద నుంచి ఏదో గెంతింది. తెల్లవారి సన్నదువ్వెన తీసుకుని కూర్చున్నాను. దువ్వెనకి మిరియప్పొడి లాంటి నల్ల రేణువులు వచ్చాయి. తెల్ల కాగితం తడిపి వాటిని దాని మీద రాల్చితే చుట్టూ ఎర్రగా ఊరింది. అది మట్టి కాదు, పేను విసర్జించిన రక్తం. బొచ్చులో పురుగు కంటికి దొరక్కపోయినా ఆ ఎరుపు చాలు.

వదిన వచ్చింది. కర్పూరం నూనెలో కలిపి రాయమంది, అన్నంలో వెల్లుల్లి పెట్టమంది, అదీ కాకపోతే కిరోసిన్ తుడవమంది. ఆవిడ ప్రేమగానే చెప్పింది, వాళ్ళింట్లో గేదెల కాలం నుంచీ చేసినవే. కానీ పిల్లి ఒళ్ళంతా నాక్కునే జీవి. దాని చర్మం మీద రాసింది ఏదైనా గంటలో కడుపులో ఉంటుంది. కర్పూరం దానికి విషం. వెల్లుల్లి ఎర్ర రక్తకణాలని పగలగొడుతుంది. కిరోసిన్ సంగతి చెప్పక్కర్లేదు. "వదినా, నువ్వు చెప్పినవి వద్దు, కోప్పడకు" అన్నాను. కాఫీ తాగి వెళ్ళింది.

పిల్లలకి ఇంకా ఆరు వారాలే, మెడ మీద వేసే చుక్కల మందుకి వయసు చాలదని డాక్టరు గారన్నారు. దువ్వెనే గతి. పూటకొకసారి దువ్వడం, దొరికిన వాటిని సబ్బునీళ్ళలో ముంచడం. గోధుమకి మాత్రం పాలిచ్చే తల్లికి పనికొచ్చే చుక్కలు ఆయనే వేశారు, నాక్కోలేని చోట, మెడ వెనక, బొచ్చు పాయ తీసి చర్మం మీద.

అసలు పని ఇంట్లో ఉంది. ఒక ఆడపేను రోజుకి 40 దాకా గుడ్లు పెడుతుంది. అవి బొచ్చుకి అంటుకుని ఉండవు, జారి పిల్లి పడుకున్న చోటల్లా రాలతాయి. పొదిగిన పిల్లపురుగులు వెలుతురంటే గిట్టక చాపల కిందకీ, సోఫా మడతల్లోకీ పాకి, పెద్ద పేలు రాల్చిన ఎండు రక్తాన్నే తిని బతుకుతాయి. ఆ తర్వాత గూడు కట్టుకుంటాయి. గూట్లో ఉన్నది నెలల తరబడి ఆగగలదు. అడుగుల చప్పుడు, ఒంటి వేడి, మన ఊపిరి తగిలితే అప్పుడు లేస్తుంది. ఊరెళ్ళి తాళం తీసిన ఇంట్లో ఒక్కసారిగా పేలు కుట్టడానికి కారణం ఇదే. పిల్లి మీద కనబడేవి నూటికి 5 అయితే మిగతా 95 ఇంట్లో ఉంటాయని లెక్క. కాబట్టి పిల్లికి మందు వేసి చేతులు కడుక్కుంటే పేలు పోవు.

ఇవాళ చేసింది: బుట్టలోని పాత చీరలన్నీ మరిగే నీళ్ళలో ఉడకబెట్టాను. సోఫా లాగి వాక్యూమ్ పట్టి ఆ సంచీని బయట పారేశాను. చాపలు మేడ మీద వేశాను, ఎండ కాసినంత సేపు. వారంలో రెండుసార్లు ఇదే. చుక్కలు నెలనెలా, కనీసం మూడు నెలలు. గూళ్ళలో ఉన్నవి లేచి ఖాళీ అయ్యేదాకా.

20 ఆగస్టు, మంగళవారం

ఈ తారీఖు క్లాసులో ఎప్పుడూ వదలకుండా చెప్పేదాన్ని. 1897లో ఇదే రోజున సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపు గోడ మీద మలేరియా పరాన్నజీవిని చూశాడు. 1902లో నోబెల్ వచ్చింది. రెండు ఒళ్ళు మారితే గాని బతకలేని జీవి ఒకటి, దాన్ని ఆపాలంటే రోగినే కాదు దోమనీ చూడాలి అన్నది అక్కడ తేలిన సంగతి.

ఇవాళ గోధుమ తోక కింద బియ్యపు నూకంత తెల్లది ఒకటి కదులుతోంది. ఎండితే నువ్వుగింజలా పసుపుపచ్చగా బుట్టలో రాలి ఉన్నాయి. బద్దెపురుగు తునకలు, డిపైలిడియం. ఇదీ రెండు ఒళ్ళ జీవే. తునకలోని గుడ్లని నేల మీది పేను పిల్లపురుగు తింటుంది. అది పెద్దదై పిల్లి మీదకి గెంతుతుంది. పిల్లి దురదకి నాక్కుంటూ పేనుని మింగుతుంది. మూడు వారాల్లో కడుపులో కొత్త బద్దె.

జూలైలో ఉప్పునీటి పరీక్షలో ఇది కనబడలేదు, కనబడదు కూడా. దీని గుడ్లు సంచుల్లో కట్టలుగా ఉంటాయి, సరిగా తేలవు. పరీక్షలో ఏమీ లేదన్నారు అని ధీమాగా ఉండేవాళ్ళు తోక కింద ఒకసారి చూసుకోవాలి.

పైరాంటెల్ దీన్ని ముట్టదు. ప్రాజిక్వాంటెల్ కావాలి. ఆ మందు పడ్డాక బద్దె పేగులోనే అరిగిపోతుంది, బయటికి పురుగేమీ రాదు, మందు పనిచెయ్యలేదేమో అని రెండోసారి వెయ్యకూడదు. డాక్టరు గారు గోధుమకి తూకం చూసి మాత్ర ఇచ్చారు. పిల్లలకి తొమ్మిది వారాలు దాటాయి కనుక ముగ్గురికీ మెడ మీద చుక్కలు కూడా పడ్డాయి. పేలు పోతేనే బద్దె పోయినట్టు.

బద్దెపురుగుల్లో ఇంకోటి ఉంది, అది ఎలుక దారిన వస్తుంది. కాలేజీలో ఎలుకని కోసే రోజుల్లో ఎప్పుడైనా కాలేయం మీద తెల్లటి తిత్తి కనిపించేది. చీల్చితే లోపల పొడుగాటి పురుగు మడతలు పడి ఉండేది. పిల్లలు వింతగా చూసేవారు. అది పిల్లి కోసం ఎదురు చూసే టీనియా పిల్లదశ. ఎలుకని పిల్లి తిన్న రోజున దాని ఎదురుచూపు తీరుతుంది. గోధుమ ఎలుకలు పడుతుంది. పట్టనివ్వకుండా కట్టేసే మాట లేదు గనక మూడు నెలలకొక మాత్ర తప్పదు.

12 సెప్టెంబరు, గురువారం

వీధి మలుపులో ఇల్లు కడుతున్నారు. గోదావరి ఇసుక రెండు లారీలు రోడ్డు వారన పోశారు. చవితి సెలవుల నుంచీ వీధిలో పిల్లలందరూ దాని మీదే. గుహలు తవ్వుతున్నారు, ఇసుక అంటిన చేతులతోనే జామకాయలు తింటున్నారు. రాత్రిళ్ళు ఆ కుప్పే వీధి పిల్లులన్నిటికీ మరుగుదొడ్డి. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను.

తాజా మలంలో ఉన్న ఏలికపాము గుడ్డు అప్పటికప్పుడు ఏమీ చెయ్యదు. లోపల పిల్లపురుగు తయారవడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఆ తర్వాత మట్టిలో ఏళ్ళ తరబడి బతుకుతుంది, బ్లీచింగు చల్లినా చావదు. మనిషి పిల్ల నోట్లోకి వెళ్ళిందంటే అది పేగులో స్థిరపడదు, ఒళ్ళంతా తిరుగుతుంది. కాలేయం, ఊపిరితిత్తులు. ఎప్పుడో అరుదుగా కన్ను. కంటి వెనక పొరలో పురుగు చేరి చూపు పోయిన పిల్లల సంగతి పుస్తకాల్లో పాఠంగా చెప్పాను. మా వీధి పిల్లల ముఖాలు చూస్తూ అది పాఠం అనుకోలేకపోయాను.

మేస్త్రి దగ్గరికి వెళ్ళాను. "బాబూ, రాత్రి పని ఆపగానే ఇసక మీద టార్పాలిన్ కప్పించు, నాలుగు వైపులా ఇటుకలు పెట్టు" అని అడిగాను. వానకి కొట్టుకుపోకుండా కప్పుతున్నాం కదమ్మా అన్నాడు. వాన లేని రోజున కూడా కప్పమన్నాను. కారణం చెప్పాను. అతనికి ఇద్దరు ఆడపిల్లలట, అక్కడే ఆడుకుంటారు. మర్నాటి నుంచి కప్పుతున్నాడు.

పిల్లల తల్లులకి కూడా చెప్పాను, గోళ్ళు తీయండి, తినేముందు సబ్బుతో కడిగించండి అని. ఒకావిడ "అయితే ఈ పిల్లులన్నిటినీ పట్టించేస్తే పోలే" అంది. పట్టించినా ఆ చోటికి వేరేవి వస్తాయి. ఉన్నవాటికి మందు పడితే గుడ్లు పడవు. ఆ మాట ఆవిడకి నచ్చలేదు. నేను మళ్ళీ చెప్తాను.

29 సెప్టెంబరు, ఆదివారం రాత్రి

చెయ్యి ఇంకా వణుకుతోంది.

మేడ మీద అద్దెకుంటున్న కుర్రాడు ఏడున్నరకి తలుపు బాదాడు. "మేడం గారూ, టైగర్ కొట్టుకుంటోందండీ." తన పిల్లిని తువ్వాల్లో చుట్టి తెచ్చాడు. చెవులు అదురుతున్నాయి, ఒళ్ళంతా అలలు అలలుగా వణుకు, నోట్లోంచి చొంగ. ఏం వేశావు బాబూ అంటే పేల కోసం మధ్యాహ్నం మెడ మీద చుక్కలు వేశానన్నాడు. పెద్ద కుక్కకి వేసే ట్యూబు. పిల్లి చిన్నది కదా అని సగమే వేశాడు. మందుల షాపులో పిల్లికీ పనికొస్తుందన్నారట. ట్యూబు తెప్పించి అద్దాలు పెట్టుకుని చదివాను. పెర్మెత్రిన్.

కుక్క కాలేయం ఆ మందుని విరగ్గొట్టి బయటికి పంపేస్తుంది. పిల్లి కాలేయంలో ఆ పని చేసే ఎంజైము బాగా తక్కువ. పారాసెటమాల్ ఒక్క బిళ్ళ పిల్లిని చంపేదీ ఆ లోటు వల్లే. మందు ఒంట్లో నిలిచిపోయి నరాలని ఆగకుండా మండిస్తుంది. సగం మోతాదు, పావు మోతాదు అన్న లెక్క ఇక్కడ చెల్లదు. పేరు చివర "మెత్రిన్" ఉన్న పురుగుమందుల కుటుంబమంతా, పశువుల పిడుదులకి వాడే సైపర్మెత్రిన్ తో సహా, డాక్టరు చెప్పనిదే పిల్లికి దూరంగా ఉండాల్సిందే. కుక్కల పిడుదులకి వాడే అమిట్రాజ్ కూడా.

డాక్టరు గారికి ఫోను చేశాం. ముందు కడిగి తీసుకురమ్మన్నారు. గిన్నెలు తోమే సబ్బు ద్రవంతో, గోరువెచ్చటి నీళ్ళతో, మెడ దగ్గర రెండుసార్లు. వేడినీళ్ళైతే మందు ఇంకా లోపలికి గుంజుకుంటుంది, చన్నీళ్ళైతే ఒళ్ళు చల్లబడిపోతుంది. తుడిచి, దుప్పటిలో పెట్టుకుని ఆటోలో వెళ్ళాం. వణుకు తగ్గే ఇంజెక్షను, సెలైను ఎక్కించారు. రాత్రికి అక్కడే ఉంచారు. కుర్రాడు అక్కడే బల్ల మీద కూర్చున్నాడు, రమ్మన్నా రాలేదు.

2 అక్టోబరు, బుధవారం

టైగర్ ఇవాళ పాలు తాగింది. వణుకు నిన్న సాయంత్రం ఆగింది. సాయంత్రం ఇంటికి పంపుతామన్నారు. ఆ కుర్రాడు మూడు పూటలుగా తిండి మానేశాడు, ఉప్మా చేసి పంపాను. వాడి తప్పేమీ లేదు. డబ్బా మీద కుక్క బొమ్మ పక్కనే, అంతే పెద్దదిగా, అడ్డగీత పెట్టిన పిల్లి బొమ్మ అచ్చు వెయ్యాలి, అమ్మేవాడు చెప్పి మరీ అమ్మాలి. కుక్కా పిల్లీ ఒకే ఇంట్లో ఉన్నవాళ్ళకి ఇంకా జాగ్రత్త కావాలి. కుక్కకి ఆ మందు వేసిన రోజుల్లో పిల్లి దాన్ని ఆనుకుని పడుకున్నా, నాకినా చాలు.

9 నవంబరు, శనివారం

అమ్మాయి వచ్చింది, ఏడో నెల. ఇల్లు నిండుగా ఉంది. గోధుమ దాని సూట్‌కేసు మీద పడుకుంది.

కార్తీకం ఉపవాసంలో ఉండి కూడా వదిన నడిచొచ్చింది. "వదినా, ఇంక ఈ పిల్లుల గోల ఆపు. కడుపుతో ఉన్న పిల్ల దగ్గర పిల్లి ఉండకూడదట, బిడ్డకి అవకరం వస్తుందట. గోనెసంచిలో పెట్టి ఎక్కడైనా వదిలించు" అంది. అల్లుడు కూడా అదేదో చదివి కంగారు పడుతున్నాడు. టాక్సోప్లాస్మా.

ఆ భయంలో నిజం ఉంది, అందుకే కొట్టిపారెయ్యను. గర్భంతో ఉన్నప్పుడు మొదటిసారిగా అంటితే బిడ్డకి హాని జరగొచ్చు. ఆ పరాన్నజీవిని 1908లోనే కనిపెట్టారు, గుడ్డు లాంటి దశ పిల్లి మలంలోంచి వస్తుందని తేలడానికి 1970 దాకా పట్టింది. తేల్చినవాళ్ళలో మన దేశంలో పుట్టిన పశువైద్యుడు జితేందర్ దూబే ఒకరు. ఆ పరిశోధనలోనే మన భయానికి హద్దు కూడా దొరుకుతుంది. పిల్లి మామూలుగా జీవితంలో మొదటిసారి అంటినప్పుడు ఒకటి రెండు వారాలు, మహా అయితే మూడు, వాటిని విసర్జిస్తుంది. విసర్జించిన వెంటనే అవి అంటవు. గాలిలో కనీసం ఒక రోజు, ఒక్కోసారి అయిదు రోజులు ఉండి పక్వమైతేనే అంటుతాయి. రోజూ పొద్దున్నే ట్రే ఎత్తేసే ఇంట్లో వాటికి ఆ గడువు దొరకదు. పిల్లిని ముట్టుకుంటే రాదు. ఎక్కువమందికి వచ్చేది సగం ఉడికిన మాంసం నుంచి, కడగని కూరగాయల నుంచి, తోట మట్టి నుంచి.

14 నవంబరు, గురువారం

అమ్మాయి రక్తపరీక్ష వచ్చింది. ఇదివరకు ఎప్పుడూ టాక్సో అంటలేదు. అంటే రక్షణ కూడా లేదు. లేడీ డాక్టరు పిల్లిని పంపెయ్యనక్కర్లేదు, జాగ్రత్తగా ఉండండి అన్నారు. ఆ జాగ్రత్తలు ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి చెప్పాను. ట్రే పని నాది, రోజూ, చేతికి తొడుగులతో. అమ్మాయి పెరట్లో మట్టి ముట్టుకోకూడదు. కొత్తిమీర, తోటకూర రెండు మూడు నీళ్ళలో కడిగిగాని కత్తిపీట దగ్గరికి రాకూడదు. వేటమాంసం ఎముక దగ్గర కూడా ఎరుపు లేకుండా ఉడకాలి. గోధుమకి పచ్చిమాంసం ముక్క పెట్టకూడదు. గోధుమ ఎలుకలు పట్టే పిల్లి, కాబట్టి బిడ్డ పుట్టేదాకా అది బయటికి వెళ్ళదు. పిల్లలు పుట్టకుండా దానికి ఆపరేషను అయి పదిహేను రోజులైంది కనుక అదీ ఇంటిపట్టునే ఉంటోంది.

"అమ్మా, నీ పాఠం అయిపోయిందా" అంది అమ్మాయి, గోధుమని ఒళ్ళో పెట్టుకుని. వదిన ఇంకా సమాధానపడలేదు. గోనెసంచి మాట మాత్రం మళ్ళీ ఎత్తలేదు.

30 నవంబరు, శనివారం

నల్లోడు తల విదిలిస్తూనే ఉన్నాడు. చెవిలో కాఫీ గసిలాంటి నల్లటి గుల్ల. దూది మీద తీసి మైక్రోస్కోపు కింద పెడితే తెల్లటి పురుగులు, ఎనిమిది కాళ్ళతో పాకుతూ. చెవి పురుగు, ఒటోడెక్టిస్. ఒకరికి ఉంటే అందరికీ ఉన్నట్టే. నలుగురికీ మెడ చుక్కలు మార్చి ఇచ్చారు, పేలకీ దీనికీ రెంటికీ పనిచేసేవి. చెవి అంచులు పొక్కు కట్టి ముఖం మీదకి పాకితే అది వేరు, పిల్లి గజ్జి. అది లేదు. అగ్గిపుల్లకి దూది చుట్టి లోపలికి పొడవొద్దని ఇంట్లో చెప్పాను.

15 జనవరి 2025, బుధవారం, కనుమ

ఇంటి నిండా చుట్టాలు. కోడికూర వండుతుంటే పెరట్లో పిల్లలు పచ్చి కార్జం ముక్కలు పిల్లులకి వేస్తున్నారు. గోధుమ లోపలే ఉంది కాబట్టి సరిపోయింది. ముక్కలన్నీ ఏరి, పసుపు ఉప్పు లేకుండా విడిగా ఉడకబెట్టి చల్లార్చి పెట్టాను. పిల్లలకి పెట్టే సరదా తీరింది, పిల్లులకీ తినే సరదా తీరింది. పండగ రోజుల్లో రెండో పొయ్యి మీద ఒక గిన్నె దానికే ఉంచాలి.

10 ఫిబ్రవరి, సోమవారం

మనవరాలికి రెండు వారాలు. పురిటి స్నానం అయింది. గోధుమకి ఆ గదిలోకి ప్రవేశం లేదు. గుమ్మం దగ్గర కూర్చుని ఉయ్యాల చప్పుడు వింటుంది.

ఇవాళ బడుల్లో నులిపురుగుల నివారణ రోజు. మేస్త్రి కూతుళ్ళిద్దరూ అల్బెండజోల్ మాత్ర నమిలేసి వచ్చి నాకు నాలుక చూపించారు. 1 నుంచి 19 ఏళ్ళ లోపు పిల్లలందరికీ ఒకే రోజు ఇవ్వడంలో ఉన్న బలం నాకు బాగా తెలుసు. ఒకరికి వేసి పది మందిని వదిలేస్తే మట్టి శుభ్రపడదు. ఆ పద్ధతి మా వీధి పిల్లులకి ఎందుకు పనికిరాదు? డిసెంబరు నుంచీ ఇల్లిల్లూ తిరుగుతున్నాను. పిల్లిని పెంచుకునే ఇళ్ళన్నీ ఇవాళే మందు వేస్తామని ఒప్పుకున్నాయి. మేడ మీది కుర్రాడు అందరి పిల్లుల తూకాలు కాగితం మీద రాసుకుని డాక్టరు గారి దగ్గరికి వెళ్ళి మాత్రలు తెచ్చాడు. ఎవరూ లేని పిల్లులు కొన్ని ఉన్నాయి, వాటిని ముట్టుకోలేం. ఉడికించిన నెత్తళ్ళలో మాత్ర పొడి కలిపి, ఒక్కో ఆకులో ఒక్కో పిల్లికి విడిగా, అది తినేదాకా పక్కన నిలబడి పెట్టాం. చెవి తెగిన మగపిల్లి మాత్రం వాసన చూసి వెళ్ళిపోయింది. దానికి రేపు కోడి కార్జంలో.

తోకమచ్చ టైగర్ ఇంటికి, అంటే మేడ మీదకే వెళ్ళిపోయింది. నల్లోడిని పక్కింటావిడ తీసుకుంది. ఇద్దరికీ తారీఖుల కాగితం రాసిచ్చాను. చారలది నా దగ్గరే. ఇవాళ్టి తూకం రెండు కిలోల తొమ్మిది వందలు. గోధుమ నాలుగు కిలోలు దాటింది, మాత్ర నాలుగు కిలోలకి ఒకటి లెక్క, కాబట్టి దానికి ఎంత వెయ్యాలో డాక్టరు గారిని అడిగి సాయంత్రం వేశాను. మళ్ళీ మే రెండో వారంలో. అప్పటికి ఎండలు ముదురుతాయి, చాపలు బయట వెయ్యడానికి మంచిది.